రెండు తోకల చిరుత

అబోమే,
ఆదివారం

మా చిట్టితల్లి సెనామికి నాన్న దీవెనలు.

నాకు రాయడం పెద్దగా రాదని నీకు తెలుసు. మనసు ఉడికిపోతుంటే రాస్తున్నాను.

మన బెనిన్ ఫుట్‌బాల్ జట్టుకి ఉడుతలన్న పేరు తీసేసి చిరుతలని పెట్టారు కదా. నిన్న మన వీధి అభిమానుల సంఘం పెద్ద సోసా, జెండా పట్టుకుని నా కుట్టుకొట్టుకి వచ్చాడు.

"దోసు తాతా, ఈ ఉడుతని పీకేసి చిరుతని కుట్టు. టోగోతో ఆటకి కొటోనూ పోతున్నాం."

"ఉడుత ఏం చేసిందిరా?"

"ఏమీ చెయ్యలేదు, అదే దాని తప్పు! ఉడుత ఊపులకి కాయలు రాలతాయా? టోగో వాళ్లు డేగలు తాతా. డేగొస్తే నీ ఉడుత చెట్టెక్కి దాక్కుంటుంది."

వాడి వెంట వచ్చినవాళ్లందరూ నవ్వారు. నేను సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాను.

నీకూ చెప్పలేదమ్మా. ఆ ఉడుత మీ అమ్మ కట్టుగుడ్డ. రేడియోలో ఆట వస్తే గరిటె వదిలేసేది కదా, మనవాళ్లు ఓడిన పూట సంకటి మాడిపోయేది. పోయే ముందు తన ఎర్రగుడ్డ తనే కత్తిరించి ఇచ్చింది. "తోక పెద్దది పెట్టు, దూరానికి కనపడాలి" అంది. మరి దాన్ని ఎలా పీకను? పీకనని చెప్పే నోరూ లేదు నాకు.

మీ నాన్న
దోసు

అబోమే,
గురువారం

సెనామీ తల్లీ,

"కుట్టనని చెప్పెయ్ నాన్నా" అని రాశావు. చెప్పలేకపోయాను. ఉడుతని పీకకుండా దాని మీదే చిరుతని కుట్టాను. ఒళ్లంతా కప్పింది గానీ ఉడుత తోక బయటికొచ్చింది. కత్తెర పెట్టాను, కొయ్యకుండానే తీసేశాను. అలాగే మడిచి ఇచ్చేశాను.

స్టేడియంలో విప్పాక గానీ వీళ్లు చూడలేదు. "రెండు తోకల చిరుత! ఒకటి పరిగెత్తడానికి, ఒకటి చెట్టెక్కడానికి!" అని టోగో వాళ్లు ఆటంతా పాడారట. మనవాళ్లేమో గోలు ముందు నిలబడి బంతిని ఆకాశంలోకి తన్నారట. చిరుతలట, చిరుతలు!

సోసా వచ్చి జెండా నా ఒళ్లో పడేశాడు.

"నీ తోక వల్లే ఓడాం తాతా!"

"ఆడింది తోకట్రా?" అన్నాను. ఇంకా అన్నాను. "అది మా ఆవిడ గుడ్డ. ముట్టుకోకు."

సోసా వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు.

జెండా వాళ్లకిక వద్దట. నేను పోయాక నా శవపెట్టె మీద మన ఆనవాయితీగా అందరూ బొమ్మల గుడ్డలు కప్పుతారు కదా, అన్నిటికీ పైన దీన్ని పరుచు. తోక లోపలికి మడవకు. దూరానికి కనపడాలి.

మీ అమ్మా, నేనూ
దోసు