నాలుగో వరసలో నవ్వు

తమ్ముడికి,

ఫోన్లో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను. మొన్న బస్సు తప్పిపోయి నీ నాటకానికి రాలేకపోయానన్నది అబద్ధం. మూడు రోజుల్లో మూడు నాటకశాలల్లో మూడు నాటకాలు చూడాలని నెల ముందే కాగితం మీద రాసుకుని, మొదట మీ హాలుకే వచ్చాను. నాలుగో వరసలో కూర్చున్నాను.

పన్నెండేళ్ళుగా నాటకాలాడుతుంటే ఇన్నాళ్ళకి నీకు దొరికిన పెద్ద వేషం. నువ్వు చచ్చి పడి ఉంటే హాలంతా కళ్ళు తుడుచుకుంటోంది. అప్పుడు నీ కాలి బొటనవేలు కదిలింది. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి జ్వరమంటూ ముసుగుతన్ని పడుకుంటే అదే వేలు కదిలేది. నాకు నవ్వు ఆగలేదు. "ఎవరో మహాతల్లి పకపకా నవ్వి నా చావంతా పాడుచేసిందక్కా" అని ఫోన్లో అన్నావే, ఆ మహాతల్లిని నేనే.

జనమంతా తిరిగి చూస్తుంటే తల దించుకుని బయటపడ్డాను. మిగతా రెండు హాళ్ళకీ వెళ్ళే ముఖం లేక ఇంటికొచ్చేశాను. మీ బావకి మాత్రం మూడూ చూశానని కథలు చెప్పాను.

నువ్వు ఎంత తిట్టినా పడతాను. వచ్చే నెల మళ్ళీ బయల్దేరుతున్నాను. ఈసారి మూడు రోజులూ మీ హాలుకే. చివరి వరసలో కూర్చుంటాను. అయినా నా మీద నాకు నమ్మకం లేదు. చచ్చే ముందు నువ్వు మేజోళ్ళు వేసుకో.

నీ అక్క