నారుమడికి బెల్లం నీళ్లు

తాతా,

యావత్ శాస్త్రలోకానికి నేను తలపెట్టిన ఘోర ద్రోహానికిగాను, ముందుగా మా వృక్షశాస్త్రం సారు పాదాలు పట్టుకొని క్షమాపణ వేడుకుంటున్నాను.

నువ్వు లేని మొదటి యాసంగి పంట ఇది. గోపాల్‌పేటలో చలి ముదిరి పక్క మళ్లలో నారు ఎర్రబడింది. మనదీ పోతే ఈసారి నాట్లే ఉండవని నాన్న పరేషాన్ అయ్యాడు. సాయంత్రాలు ప్లాస్టిక్ పట్టా కప్పాం, పొద్దున్నే చల్లటి నీళ్లు తీసేసి గోరువెచ్చటి బోరు నీళ్లు పెట్టాం.

చలికాలం నువ్వు మడి మూలన చెంబెడు బెల్లం నీళ్లు పోసేవాడివి. "మనకు బెల్లం చాయ్ గావాలె, దానికొద్దారా?" అంటే నేను పడీ పడీ నవ్వేవాణ్ణి. మొన్న సారు చెప్పాడు, చలి తగిలితే మొక్కలోని కొన్ని జన్యువులు మేల్కొని, దాచుకున్న పిండిని చక్కెరగా మారుస్తాయట. ఆ చక్కెరే కణాలను కాపాడుతుందట. బయటి నుంచి పోస్తే లాభం లేదట. క్లాసంతా దిక్కులు చూసింది. నాకు మాత్రం నీ చెంబు పుణ్యమా అని ఇట్టే అర్థమైంది.

ఈ పొద్దున నారు పచ్చగా నిలబడింది. నేను బయల్దేరుతుంటే అమ్మ ఆపింది.

"చెంబు యాడికి కొంచవోతున్నవ్ రా?"

"ప్రయోగం ఉన్నదమ్మా."

"తాత మూలకేనా? ఇంగ జర బెల్లం ఎయ్యి."

లాభం లేదని చదువుకున్న నేనే, తాతా, నీ మూలన చెంబెడూ పోసి వచ్చాను.