అత్త సర్దిన కారు

అమ్మా,

అందరం కులాసా. చంటిదానికి మూడో నెల వచ్చింది. అంత చిన్న కారులో ముగ్గురు పిల్లలతో ఎలా తిరుగుతారని బెంగపడ్డావుగా, విను. మొన్న డుంబ్రిగుడ సంతకి వెళ్తూ మీ అల్లుడు అల్లం బస్తాలన్నీ ఒక్క పక్కే వేశాడు. కారు అటే వంగిపోయి, మలుపులో అడుగు రోడ్డుకి రాసుకుంది. మా అత్త దిగి చూసి, "ఏటిరా ఫల్గుణా, కావిడి ఎప్పుడైనా ఇలాగ కట్టినావా?" అని అన్నీ దింపించేసింది. బస్తాలు రెండు పక్కలా సమంగా పెట్టించి, కోళ్ల బుట్ట పెద్దోడి ఒళ్లోకి, కుక్కని నా కాళ్ల దగ్గరికి చేర్చింది. ఆ తర్వాత ఘాటీలో కారు కిక్కురుమనలేదు. సంతలో మేం దిగుతుంటే జనం మూగి, "ఇంకా ఉన్నారేటి లోపల?" అన్నారు. ఆవిడ కోడలినని చెప్పుకోవడం ఎంత గొప్పగా ఉందో!

నల్లమేక ఈనిందా? ఉయ్యాలకి పాత చీర ఒకటి తీసి ఉంచు. నాన్నకి దండాలు.

ఆదివారం నిన్ను తీసుకెళ్లడానికి వస్తున్నాం. మీ ఊరు చేరేదాకా నీ చోట చోళ్ల బస్తా కూర్చుంటుంది. నీ బరువుకి సరిపడేలా అత్తే నింపింది. దాన్ని మీ ఇంట్లో దించి, నిన్ను ఎక్కించుకుంటాం.

నీ కనక