పన్నెండు రోజుల్లో పన్నెండు కథలు

నవంబర్ 3, సోమవారం. ఉదయం 9.00
ముప్ఫై ఏళ్లు ఈ ఫియోర్డ్ మీద, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఈ సముద్రపు పాయ మీద, పంటు నడిపిన అస్గర్ అనే నేను, ఈ రోజు నుంచి చదువరిని. పక్కింటి త్యూరా గారు తరతరాలుగా వాళ్లింట్లో ఉన్న కథల పుస్తకం ఇచ్చారు. అచ్చయి నూట నలభై ఏళ్లట. పన్నెండు కథలు. రోజుకొకటి. పధ్నాలుగున ఆవిడ కాఫీకి వస్తారు, కథల గురించి మాట్లాడుకుంటాం. నా భార్య పోయిన ఈ నాలుగేళ్లలో మా ఇంటికి కాఫీకి వచ్చినవాళ్లు లేరు.
కళ్లజోడు, దీపం, ఉన్ని మేజోళ్లు సిద్ధం.

10.30
ఒక పేజీ అయింది. పాతకాలపు అక్షరాలు. ఎస్, ఎఫ్ కవలల్లా ఉన్నాయి.

నవంబర్ 4
మొదటి కథ సగమైంది. కంచె దగ్గర త్యూరా గారు కనిపించారు.
"కథ ఎలా ఉందండీ?"
"ఆవు చాలా బాగుందండీ."
"అది చచ్చిపోతుంది కదా?"
"చచ్చేదాకా బాగుందండీ."

నవంబర్ 6
గాలివాన. పెంకులు లేచాయి. పెంకులు సర్దేవాడు కథలెలా చదువుతాడు? రేపు మూడు చదివితే సరి.

నవంబర్ 7
చదవలేదు. హెర్రింగ్ చేపలు చవగ్గా దొరికాయి. ఊరగాయ పెట్టాను.

నవంబర్ 9. మధ్యాహ్నం
పడుకుని చదివితే పుస్తకం ముక్కు మీద పడింది. విషయసూచిక మాత్రం ఆసాంతం చదివాను. అదీ చదువే.

నవంబర్ 12
రొట్టెల కొట్లో త్యూరా గారు.
"ఎందాకా వచ్చారు?"
"తొమ్మిదో కథండీ," అంది నా నోరు. నన్నడగలేదు.
"పడవవాడి కథా? అతను చివరికి ఇల్లు చేరతాడా?"
"చేరతాడండీ. తడిసి ముద్దయి వస్తాడు. భార్య తలుపు తీసి, వేడివేడి సూప్ పెడుతుంది."
"ఎంత బాగుందో," అన్నారు. రొట్టె కొనకుండానే ఇంటికొచ్చేశాను.

నవంబర్ 14. సాయంత్రం
ఆవిడ వచ్చారు. నేను కాఫీ వంపుతుంటే పుస్తకం తీశారు. ఆ కాలంలో కాగితాలు మడతలతోనే కుట్టేవారట, చదివేవాళ్లే కోసుకోవాలి. రెండో కథ తర్వాత ఒక్క మడతా కోసి లేదు.
"అస్గర్ గారూ, దీన్నెలా చదివారు?"
"చదవలేదండీ. రెండో కథ కూడా పూర్తి కాలేదు. చెబితే మీరు కాఫీకి రారేమోనని..."
ఆవిడ లేచి వెళ్లిపోతారనుకున్నాను. నవ్వడం మొదలుపెట్టారు.
"నేనూ రెండో కథ దాటలేదు. మా నాన్న అడిగితే మొత్తం చదివేశానని చెప్పాను. విషయసూచికలో చూసిన ఆ పడవవాడి సంగతి ఇప్పుడైనా తెలుస్తుందని మీకిచ్చాను."
రొట్టె కోసే కత్తి తెచ్చాను. తొమ్మిదో కథ మడతలు కోసి, నేను పైకి చదివాను. పడవవాడు ఇల్లు చేరలేదు.
"మీరు చెప్పిందే బాగుంది," అన్నారు త్యూరా గారు, కళ్లు తుడుచుకుంటూ.

నవంబర్ 15. ఉదయం 9.00
ఈ రోజు నుంచి మళ్లీ మొదటి కథ. ఆవిడ పదింటికి వస్తారు. మడతలు కోయడం ఆవిడ పని, చదవడం నాది. రోజుకొక్క పేజీ చాలన్నారు.
పుస్తకం మూడు వందల పేజీలు. తొందరేమీ లేదు.