బాకీపడ్డ నడక

చెల్లెమ్మకు,

నీ కొత్త ఇల్లు చూడ్డానికి రాలేదని అలిగావట, బావగారు చెప్పారు. పని ఒత్తిడి అన్నది అబద్ధం. లిఫ్టు లేని నాలుగంతస్తులకు భయపడ్డాను.

అందుకే పొద్దున్నే నడుస్తున్నాను. డబ్బు కూడబెట్టినట్టే రోజుకు కొంచెం, ఖర్చుల పుస్తకంలోనే రాసుకుంటూ. వానకు మానేసిన నడకలను మాత్రం బాకీ కింద రాసి, ఒక్కరోజే మొత్తం తీర్చబోయాను. మోకాళ్లు పట్టేశాయి.

నూనె రాస్తూ మీ వదిన, "అసలొక్కటే కట్టారా, వడ్డీ కూడానా?" అంది.

ఆ బాకీ కొట్టేశాను. మళ్లీ రోజుకు కొంచెమే. ఇప్పుడు రైల్వే వంతెన మెట్లు ఒక్కసారే ఆగి ఎక్కేస్తున్నాను.

ఆదివారం వస్తున్నాం. రెండో అంతస్తులో ఒక కుర్చీ వేయించు. ఎవరైనా అడిగితే మీ వదిన కోసమని చెప్పు.

అన్నయ్య