తాగని బావ లివర్

బావా,

నా అక్షరాలు వంకరటింకరగా ఉంటాయి, ఒత్తులు తప్పుతాయి. ఏమీ అనుకోకు.

నువ్వు కరోనాతో పోయినప్పుడు లివర్ కూడా చెడిందన్నారు. ఆ ఒక్క మాటకు మన చిల్కానగర్ గల్లీ నిన్ను తాగుబోతును చేసింది. నువ్వు కల్లు కూడా ముట్టని మనిషివి. అక్క అప్పటి నుంచి ఏ దావత్‌కూ పోలేదు.

నిన్న నాచారంలో డాక్టరమ్మ నా లివర్‌కు కొవ్వు పట్టిందన్నది. తోడొచ్చిన అక్క ఉలిక్కిపడింది.

"మా తమ్ముడు తాగడమ్మా."

"తాగకున్నా వస్తది పెద్దమ్మా. షుగరున్నోళ్లకు ఎక్కువొస్తది. లివర్ గట్లున్నోళ్లకు కరోనా మస్తు ముదిరింది."

"మా ఆయనకు షుగరుండె," అన్నది అక్క. తలుపు దిక్కు చూసి, "గీ మాట జర గట్టిగ చెప్పమ్మా. బయట మా గల్లీ ఆమె కూసున్నది."

డాక్టరమ్మ నవ్వలేదు. తలుపు తెరిచి మళ్లీ చెప్పింది.

ఇంటికొచ్చి అక్క నీ ఫొటో తుడిచింది. రేపు ఉప్పల్‌లో పెళ్లి ఉంది, పోదాం అన్నది. పెట్టె తెరిచి, "మీ బావకు ఏ చీర నచ్చేది తమ్మీ?" అని అడిగింది.

నాకేం తెలుసు బావా. జల్దీ జవాబు రాయి.