తిమ్మిరి చేతులు

కూర్మన్నపాలెం
మంగళవారం రాత్రి

మా ఆయన గుండె గోడల్లో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుపోయిందట. బాగా ముదిరిందని, ఇప్పుడు మందులతో పెద్దగా ఒరిగేదేమీ లేదని డాక్టర్ చెప్పారు. ఇది ఎంతమందికి వస్తుందని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలీదు.

"అరుదని చదువుకున్నామమ్మా. కానీ వెతికినచోటల్లా కనిపిస్తోంది. మన దగ్గర వెతికిందెవరు?" అన్నారు. ఈయన మణికట్ల మీద తిమ్మిరికి చేయించిన పాత ఆపరేషన్ మచ్చలు చూసి, కొందరికిది ముందు చేతుల తిమ్మిరితోనే బయటపడుతుందన్నారు. అప్పుడే పట్టుకుంటే మందు పనిచేసేదట.

ఆ తిమ్మిరి ఏళ్ళ నాటిది. క్రేన్ నడిపే చేతులు కదా అనుకున్నాం. మా కాలనీలో ఎవరి చేతులు మొద్దుబారినా తప్పు స్టీల్ ప్లాంటుదే.

సాయంత్రం పక్కింటి అప్పల్రాజు అన్నయ్య చూడటానికి వచ్చాడు. ఈయనతో పాటే క్రేన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"సేతులు మొద్దుబారిపోతన్నాయి సెల్లెమ్మా. అంతా ఆ ప్లాంటు పుణ్యమే," అని నవ్వాడు.

నేను నోరు తెరిచేలోపే ఈయన వద్దన్నట్టు తల ఊపారు. అన్నయ్య వెళ్ళాక అడిగితే, "సెప్పి ఏటి సేత్తావు? ఆడినైనా నిద్రపోనీ," అన్నారు.

అన్నయ్యకి ఇంకా సమయం ఉందేమో. ఉందో లేదో చెప్పేదెవరు...

ఈయన నిద్రపోయారు. అన్నయ్య మాత్రం మేలుకునే ఉన్నాడు. తిమ్మిరి వదలడానికి చేతిని మంచం పట్టీకేసి కొట్టుకుంటున్న చప్పుడు గోడ ఇవతలికి వినిపిస్తోంది. ఇదే చప్పుడు ఈయన పక్కన పడుకుని ఏళ్ళ తరబడి విన్నాను.